పాతదంతా నకిలీ కాదు

(మా గణితం మాస్టారి మూడో వర్ధంతి సందర్భంగా విజయవాడలోని ఒక గ్రంథాలయంలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ సభలో ఏ విషయం మీద మాట్లాడతారని నిర్వాహకులు అడిగినప్పుడు, ఇంట్లో ఉన్న పాత వస్తువు గురించి మాట్లాడతానన్నాను. దాన్ని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడతాం. రెండు రోజులకు అది నకిలీ అని ఒక సందేశం వస్తుంది. ప్రకటన మాయమవుతుంది. అమ్మేవాళ్ల మాట ఎవరూ వినరు. వకీలు వృత్తిలో ఇన్నేళ్లుగా పెద్ద పెద్ద తగాదాలు చూశాను. అయినా ఈ చిన్న అన్యాయం నన్ను వదలడం లేదు. ఎందుకో చెప్పాలంటే మాస్టారి పుస్తకాల దగ్గరే మొదలుపెట్టాలి.

పదకొండు పుస్తకాలు

ఆదివారం వస్తే మాస్టారు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల దగ్గరే కనబడేవారని మీ అందరికీ తెలుసు. పుస్తకం చేతిలోకి తీసుకోగానే ముందు వెన్ను చూసేవారు, తరవాత కుట్టు చూసేవారు, ఆ పైన అచ్చు వివరాలున్న పేజీ చదివేవారు. బేరం కుదిరి ఇంటికి తెచ్చాక లోపలి మొదటి పేజీలో నీలి సిరాతో తేదీ, దుకాణం, ఇచ్చిన ధర రాసేవారు. పుస్తకం చేతులు మారినా దాని చరిత్ర దానితోనే ఉండాలన్నది ఆయన పద్ధతి.

ఆయన పోయిన మరుసటి ఏడు వాళ్లమ్మాయి, నాకు చెల్లెలి లాంటిది, ఆ పుస్తకాల్లో 42 ఇంజనీరింగ్ పుస్తకాలను ఒక ఆన్‌లైన్ వేదికలో అమ్మకానికి పెట్టింది. ఎవరైనా పేద విద్యార్థికి చవగ్గా దొరుకుతాయని ఆమె ఆలోచన. వారం తిరిగేలోపు 11 ప్రకటనలు తొలగించారు. నకిలీ వస్తువు అని ఫిర్యాదు వచ్చిందన్నారు. ఫిర్యాదు చేసింది ఎవరో, ఆ పుస్తకంలో ఏం తేడా కనబడిందో చెప్పలేదు. నిజమైనదని నిరూపించుకోవాలంటే గత 365 రోజుల్లో అధీకృత పంపిణీదారు ఇచ్చిన ఇన్‌వాయిస్ పంపమన్నారు. 1980లలో పాత పుస్తకాల దుకాణంలో కొన్న పుస్తకానికి నిన్నటి ఇన్‌వాయిస్ ఎక్కణ్నుంచి వస్తుంది? మాస్టారి చేతిరాత ఉన్న పేజీలన్నీ ఫోటోలు తీసి పంపింది. నాలుగుసార్లు రాస్తే నాలుగుసార్లూ ఒకటే జవాబు, అక్షరం తేడా లేకుండా వచ్చింది. తరవాత ఖాతా మూసేశారు. అప్పటికే అమ్ముడైన పుస్తకాల డబ్బు కూడా ఆపేశారు.

ఆ రాత్రి ఆమె నాకు ఫోన్ చేసింది. డబ్బు ఊసు ఎత్తలేదు. "అన్నయ్యా, నాన్నగారు దొంగ పుస్తకాలు కొన్నారా?" అని అడిగింది.

నేను వెళ్లి ఆ 11 పుస్తకాలూ చూశాను. అన్నీ విదేశీ ప్రచురణకర్తలు మన దేశం కోసం ఇక్కడే వేయించిన ఇండియన్ ఎడిషన్లు. కాగితం పల్చన, అట్ట మెత్తన, ముఖచిత్రం వేరు. ఫలానా దేశాల్లో మాత్రమే అమ్మాలన్న హెచ్చరిక వెనక అట్ట మీద ఉంది. ప్రచురణకర్త స్వయంగా వేసిన పుస్తకాలవి. అమెరికా ఎడిషన్ బొమ్మ పక్కన పెట్టి చూస్తే మాత్రం తేడా కనబడుతుంది. ఆ తేడాయే నకిలీగా లెక్కకు వచ్చిందని నా అనుమానం. కారణం చెప్పలేదు కాబట్టి అనుమానంగానే ఉండిపోయింది.

నకిలీ అన్న మాట బరువు

నకిలీని నేను వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నకిలీ అనగానే మన రైతుకు గుర్తొచ్చేది విత్తనం. మొలవని పత్తి విత్తనం ఒక ఇంటిని ఏం చేస్తుందో గుంటూరు నుంచి వరంగల్ దాకా తెలియనివారు లేరు. నకిలీ మందు, నకిలీ బ్రేకు, నకిలీ చార్జరు ప్రాణాలు తీస్తాయి. పుస్తకాల్లోనూ దొంగ అచ్చు ఉంది. ఫుట్‌పాత్ మీద ఒకే వరసలో అసలు పుస్తకమూ, జిరాక్స్ తీసినట్టు నల్లబడిన బొమ్మలతో దొంగ ప్రతీ పక్కపక్కనే కనబడతాయి. వాటిని అరికట్టాల్సిందే.

కానీ ఆ బరువు వల్లనే ఆ మాటను జాగ్రత్తగా వాడాలి. మన ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ప్రకారం దొంగ ముద్ర వేయడం, అలాంటి సరుకు అమ్మడం నేరాలు. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అంటే ఒక మనిషిని నకిలీ అమ్మావనడం నేరస్థుడివి అనడమే. పోలీసు ఆ మాట అంటే ఆధారం చూపాలి, కోర్టు అంటే తీర్పు రాయాలి. ఆన్‌లైన్ వేదిక మీద మాత్రం ఒక ఫారం నింపితే చాలు.

నకిలీ అంటే ఒకటే అర్థం: ఆ ముద్ర వేసే హక్కు లేనివాడు వేసినది. వాడినది నకిలీ కాదు. పెట్టె లేనిది నకిలీ కాదు. వేరే దేశం కోసం తయారైనది నకిలీ కాదు. కంపెనీ అనుమతి పత్రం లేని మనిషి అమ్ముతున్నంత మాత్రాన అసలు సరుకు నకిలీ అయిపోదు. ఇవన్నీ ఒకే పేరు కింద కలిసిపోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది.

కొన్నది అమ్ముకునే హక్కు

కొన్న వస్తువును తిరిగి అమ్ముకోవడం మనిషికి ఎవరో దయతలచి ఇచ్చిన సౌకర్యం కాదు, సొంతదారు హక్కు. దాన్ని పెద్ద వ్యాపారులు పరీక్షకు పెట్టినప్పుడు కోర్టులు చాలాసార్లు ఈ మాటే చెప్పాయి.

1904లో అమెరికాలో బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ 'ది కాస్టవే' అనే నవల వేసింది. డాలరు కన్నా తక్కువకు అమ్మితే కాపీరైట్ ఉల్లంఘన అని పుస్తకంలోనే అచ్చువేసింది. న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణం 89 సెంట్లకు అమ్మింది. తగాదా అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది. ఒకసారి అమ్మేశాక ఆ ప్రతి మళ్లీ ఏ ధరకు అమ్ముడవ్వాలో చెప్పే అధికారం కాపీరైట్ ఇవ్వదని 1908లో తీర్పు వచ్చింది.

వందేళ్ల తరవాత ఇదే ప్రశ్న మన విద్యార్థులకు బాగా తెలిసిన రూపంలో తిరిగి వచ్చింది. థాయ్‌లాండ్ నుంచి కార్నెల్ విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వెళ్లిన సుపాప్ కిర్త్‌సాయెంగ్, తన దేశంలో చవగ్గా దొరికే ఆసియా ఎడిషన్ పాఠ్యపుస్తకాలను ఇంటివాళ్ల చేత, స్నేహితుల చేత కొనిపించి, తెప్పించుకుని అమెరికాలో అమ్మాడు. జాన్ వైలీ సంస్థ దావా వేసింది. జ్యూరీ అతనికి 6 లక్షల డాలర్ల పరిహారం విధించింది. చివరికి 2013 మార్చి 19న అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో అతని పక్షాన నిలిచింది. చట్టబద్ధంగా తయారైన ప్రతి ఎక్కడ అచ్చయినా, కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చంది. మన పిల్లలు అమెరికా వెళ్లేటప్పుడు సూట్‌కేసుల్లో సర్దుకుపోయిన ఇండియన్ ఎడిషన్లు కూడా అలాంటి పుస్తకాలే.

మన చట్టంలోనూ ఈ మాట ఉంది. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 14కు ఇచ్చిన వివరణ, ఒకసారి అమ్మిన ప్రతి అప్పటికే చలామణిలో ఉన్నట్టేనంటుంది. ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 30 కూడా, న్యాయంగా కొన్న సరుకును తిరిగి అమ్మడం ఉల్లంఘన కాదంటుంది. విదేశాల నుంచి అసలు శాంసంగ్ ప్రింటర్లు తెచ్చి అమ్మిన వ్యాపారి కేసులో, 2012 అక్టోబరు 3న ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఈ సెక్షన్‌ను విశాలంగా చదివింది. సరుకు ప్రపంచంలో ఎక్కడ న్యాయంగా అమ్ముడైనా తెచ్చి అమ్ముకోవచ్చు, కాకపోతే ఇది దిగుమతి సరుకని, కంపెనీ వారంటీ ఉండదని దుకాణంలో స్పష్టంగా రాసి పెట్టాలని చెప్పింది. నాకు ఆ తీర్పులో నచ్చింది ఈ షరతే. కొనేవాడికి నిజం చెప్పాలి, అమ్మేవాడికి హక్కు ఉండాలి. ఈ రెండింటికీ చోటుంది.

తప్పు ఎలా జరుగుతుంది

ఇంత స్పష్టమైన హక్కు ఒక్క ఫారంతో ఎలా పోతోంది?

మొదటి కారణం వేదిక లెక్క. ప్రకటనను ఉంచి, అది నకిలీ అని తేలితే వేదిక కోర్టుకు పోవాలి. మన ఐటీ చట్టం సెక్షన్ 79 ఇచ్చే రక్షణ కూడా, తెలిసి తొలగించకపోతే పోతుంది. తొలగించి, అది అసలని తేలితే? వేదికకు పోయేది కొద్దిపాటి కమీషను. ఒక పక్క దావా భయం, ఇంకో పక్క చిల్లర నష్టం ఉంటే త్రాసు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. ఉద్యోగుల్లో దుర్మార్గం లేకపోయినా ఈ లెక్కే అన్యాయం చేయిస్తుంది.

రెండో కారణం ఫిర్యాదుదారు అవసరం. తన అనుమతి లేనివాడు తక్కువ ధరకు అమ్ముతున్నాడని కంపెనీ చెబితే వేదిక సాధారణంగా కదలదు. అది ఉల్లంఘన కాదు కదా. నకిలీ అన్న గడిలో టిక్కు పెడితే వెంటనే కదులుతుంది. దాంతో ధరల తగాదా కూడా నకిలీ ఫిర్యాదు వేషం వేసుకుంటుంది.

మూడో కారణం వేగం. కొన్ని అర్హతలున్న కంపెనీలు వేదికను అడగకుండా నేరుగా తామే ప్రకటన తొలగించే ఏర్పాటును అమెజాన్ 'ప్రాజెక్ట్ జీరో' పేరుతో 2019లో మొదలుపెట్టి, అదే ఏడు మన దేశానికీ తెచ్చింది. దొంగ సరుకును వెంటనే ఆపాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఫిర్యాది చేతిలోనే తీర్పు పెడితే, మధ్యలో చూసే కన్ను ఒకటి తగ్గిపోతుంది.

నాలుగోది రుజువు స్వభావం. కొత్త ఇన్‌వాయిస్ అన్నది టోకు వ్యాపారి దగ్గర ఉండే కాగితం. పెళ్లికి వచ్చిన గడియారానికి, అక్క వాడి ఇచ్చిన హ్యాండ్‌బ్యాగుకు, తండ్రి వదిలివెళ్లిన కెమెరాకు అది ఉండదు. వస్తువు ఎంత పాతదైతే రుజువు అంత దూరమవుతుంది.

టిఫనీ కేసు నేర్పింది

ఈ సమస్యను లోతుగా తరచి చూసిన కేసు టిఫనీ నగల సంస్థకూ ఈబేకూ మధ్య జరిగింది. ఈబేలో తన పేరుతో నకిలీ వెండి నగలు కుప్పలుగా అమ్ముడవుతున్నాయని 2004లో టిఫనీ న్యూయార్క్‌లో దావా వేసింది. ఆ ఫిర్యాదులో నిజం ఉంది, నకిలీలు చాలానే ఉన్నాయని కోర్టు కూడా గుర్తించింది. అయితే టిఫనీ కోరిన పరిష్కారం చూడండి. ఐదు లేదా అంతకన్నా ఎక్కువ టిఫనీ నగలు అమ్మకానికి పెట్టినవాళ్లను నకిలీ అమ్మేవాళ్లుగానే చూసి ఆపేయాలంది. మన ఇళ్లలో బీరువా తెరిస్తే ఒక్కో ఆడపడుచుకు ఐదు నగలు ఉండవా? అవన్నీ ఒకే దుకాణంలో కొన్నవి కావచ్చు. ఐదు ఉండడం నకిలీకి గుర్తెలా అవుతుంది? ఆ సూత్రానికి ఆధారం లేదని కోర్టు ఒప్పుకోలేదు. 2008లో ఈబే గెలిచింది, 2010లో అప్పీలు కోర్టు కూడా అసలు విషయంలో అదే ఖాయం చేసింది. నకిలీలు ఉన్నాయన్న సాధారణ జ్ఞానం చాలదు, ఫలానా ప్రకటన నకిలీ అని నిర్దిష్టంగా తెలియాలి అన్నది ఆ తీర్పు సారం.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోకూడదన్న మన సామెతను ఆ కోర్టు తన భాషలో చెప్పింది. అయితే దానికి రెండో వైపూ ఉంది. ఫలానా ప్రకటన అని వేలెత్తి చూపిన ఫిర్యాదుకే ఇప్పుడు అంతా విలువ. ఆ వేలు తప్పుగా చూపితే ఏమిటన్న ప్రశ్న ఆ కేసులో తేలాల్సిన అవసరం రాలేదు. ఈనాటి అమాయకులు చిక్కుకుంటున్నది సరిగ్గా ఆ ఖాళీలోనే.

జవాబు చెప్పే దారి లేదు

కాపీరైట్ ఫిర్యాదు వస్తే అమెరికా చట్టంలో అమ్మేవాడు ప్రతి నోటీసు ఇవ్వవచ్చు. ఫిర్యాది కోర్టుకు వెళ్లకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో ప్రకటన తిరిగి పెట్టాలి. తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేసినవాడు నష్టపరిహారం కట్టాలి. మన కాపీరైట్ చట్టంలోనూ 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే తొలగించినదాన్ని తిరిగి అందుబాటులోకి తేవచ్చన్న ఏర్పాటు ఉంది. కానీ నకిలీ అన్నది ట్రేడ్‌మార్క్ ఆరోపణ. దానికి ఆ దేశంలోనూ, ఈ దేశంలోనూ ఇలాంటి ప్రతి నోటీసు దారి చట్టంలో లేదు. కాపీరైట్ ఆరోపణకు జవాబు చెప్పే హక్కు ఉంది, నకిలీ అన్న ఆరోపణకు లేదు.

ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 142 ప్రకారం ఆధారం లేని బెదిరింపుల మీద దావా వేయవచ్చు. కానీ ఇక్కడ ఫిర్యాది మనల్ని బెదిరించడు, వేదికకు ఫారం పంపుతాడు. అది బెదిరింపు అవునా కాదా అన్న దగ్గరే వాదన మొదలవుతుంది. 2006లో ఇంగ్లండ్ హైకోర్టు, పిల్లల క్వాడ్ బైకులు అమ్మే సంస్థ కేసులో, ఈబేకు పంపిన అలాంటి ఫిర్యాదును బెదిరింపుగా వాదించవచ్చని అభిప్రాయపడింది. మంచి మాటే. అయినా 300 రూపాయల పుస్తకం కోసం కోర్టు మెట్లు ఎక్కేదెవరు?

మన ఈ-కామర్స్ నిబంధనలు, 2020లో ఒక వాక్యం నన్ను చాలా ఆలోచింపజేసింది. ఉల్లంఘన కింద తొలగించిన సరుకును మళ్లీ మళ్లీ అమ్మకానికి పెట్టిన అమ్మకందారుల వివరాల రికార్డు ఉంచడానికి వేదికలు తగిన ప్రయత్నం చేయాలని అందులో ఉంది. సరే, ఉండాల్సిందే. మరి మళ్లీ మళ్లీ తప్పుడు ఫిర్యాదులు చేసినవాళ్ల రికార్డు? దాని ఊసు లేదు. ఆరోపణకు గురైనవాడి పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది, తప్పుగా ఆరోపించినవాడి పేరు ఎక్కడా ఎక్కదు.

ఐరోపా ఈ ఖాళీని పూడ్చింది. 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమలవుతున్న డిజిటల్ సర్వీసెస్ చట్టం ప్రకారం, ప్రకటన తొలగిస్తే వేదిక కారణం రాతపూర్వకంగా చెప్పాలి. చిన్న, అతి చిన్న సంస్థలను మినహాయిస్తే, మిగతా వేదికలు అప్పీలు చేసుకోవడానికి కనీసం ఆరు నెలల గడువివ్వాలి. ఆ అప్పీలును యంత్రానికి మాత్రమే వదిలేయకూడదు, అర్హత ఉన్న మనుషుల పర్యవేక్షణ ఉండాలి. పదేపదే అక్రమ సరుకు పెట్టేవాడినే కాదు, పదేపదే ఆధారం లేని ఫిర్యాదులు చేసేవాడిని కూడా కొంతకాలం నిలిపివేయాలి. నకిలీల మీద పోరాటం మానకుండానే అమాయకుడిని కాపాడవచ్చని ఈ చట్టం చూపిస్తోంది.

మనం కోరాల్సింది

నేను కోరేవి నాలుగు. నకిలీ అన్నవాడు ఏం చూసి అన్నాడో చెప్పాలి, ఏ గుర్తు, ఏ కుట్టు, ఏ నంబరు తేడాగా ఉందో రాయాలి. అమ్మినవాడి జవాబును ఒక మనిషి చదవాలి. ఇన్‌వాయిస్ ఒక్కటే కాకుండా ఫోటోలు, పాత రశీదులు, సీరియల్ నంబర్లు, చేతిరాతలు కూడా రుజువుగా తీసుకోవాలి. తప్పుడు ఫిర్యాదులకు లెక్క ఉండాలి, ఆ లెక్కకు ఫలితం ఉండాలి. మన ప్రభుత్వం ఈ-కామర్స్ నిబంధనలను మళ్లీ తెరిచినప్పుడు, అమ్మకందారుల రికార్డు గురించిన వాక్యం పక్కనే ఫిర్యాదుదారుల రికార్డు గురించిన వాక్యం కూడా చేర్చాలి.

ఇంట్లోంచి పాత వస్తువులు అమ్మే ఆడవాళ్లకు, విద్యార్థులకు ఒక మాట. మీ వస్తువు ఫోటో మీరే తీయండి, కంపెనీ బొమ్మ వాడకండి, దాని మీద వేరే ఫిర్యాదు వస్తుంది. పుస్తకమైతే అచ్చు వివరాల పేజీ, వస్తువైతే నంబరు పలక ఫోటోలో కనబడాలి. ఇండియన్ ఎడిషన్ అయితే అలాగే రాయండి, పెట్టె లేకపోతే లేదని రాయండి. తొలగింపు నోటీసులో ఫిర్యాదుదారు చిరునామా ఉంటే నేరుగా రాయండి. వాళ్లే ఉపసంహరించుకుంటే వేదికలు త్వరగా ఒప్పుకుంటాయి. ఏది రాసినా దాచుకోండి.

చివరిగా మాస్టారి గురించి. ఆయన దిద్దిన పేపర్లు మనందరికీ గుర్తే. జవాబు తప్పని అడ్డంగా గీత కొట్టే ముందు మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా చదివేవారు. ఎక్కడ తప్పిందో ఆ మెట్టు కింద గీసేవారు. కుర్రాడు వచ్చి ఇది తప్పు కాదు సార్ అంటే, కూర్చోబెట్టి మళ్లీ చూసేవారు. తప్పు తనదైతే అందరి ముందూ మార్కులు కలిపేవారు. ఇందాక నేను చదివిన నాలుగు కోరికలూ ఆయన తరగతి గదిలో నేర్చుకున్నవే.

ఆ ఖాతా ఇంతవరకూ తెరుచుకోలేదు. వాళ్లమ్మాయి ఆ 11 పుస్తకాలను ఈ గ్రంథాలయానికి ఇచ్చేసింది. మీ వెనక, కిటికీ పక్క బీరువాలో రెండో అరలో ఉన్నాయి. సభ అయ్యాక వెళ్లి తీసి చూడండి. వెన్ను చూడండి, కుట్టు చూడండి, నీలి సిరాతో రాసిన తేదీ చూడండి. ఆ తరవాతే అవి ఏమిటో చెప్పండి. ఈ దేశంలో పాత వస్తువు అమ్ముకునే ప్రతి మనిషికీ ఆ మాత్రం చూపు దక్కేదాకా అడుగుతూ ఉందాం.